జనవరి మార్కులు

కిటికీ తెర దించమన్నాడు జారడ్.

మూడు రోజుల ముసురు తర్వాత ఆ మంగళవారం మధ్యాహ్నమే ఆల్టోనాలో కాస్త ఎండ వచ్చింది. ఆ దేశంలో జులై అంటే నడి చలికాలం; ఆ చలికి బిగుసుకుపోయిన వంటిల్లు కొంచెమైనా వెచ్చబడుతుందని నోలీన్ పొద్దున్నే తెరలన్నీ పైకి లాగి పెట్టింది.

"కళ్ళలోకి కొడుతోందమ్మా."

తెర దించింది. దించుతూ కొడుకు మొహం చూసింది. టీ కప్పు వాడి ముందు పెట్టింది. వాడు ఒక చెంచా చక్కెర వేసుకుని కలిపాడు. డబ్బా మూత పెట్టాడు. మళ్ళీ మూత తీసి ఇంకో చెంచా వేసుకుని, అదే మొదటిదన్నట్టు మళ్ళీ కలిపాడు. పద్దెనిమిదో ఏట పెలికన్ల ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. అప్పటి నుంచి ఈ పదకొండేళ్ళలో ఒక్క చెంచా దాటి వేసుకోవడం ఆమె ఎరగదు.

నోలీన్ కెటిల్ పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు. పొద్దున ప్రాక్టీసులో మోకాలు తగిలింది. ఆ కొత్తవాడు లేడూ, తాటిచెట్టంత ఉంటాడు, వాడిది. బంతి కోసం నా వీపు మీద నుంచి ఎగిరాడు."

"ఎక్కడ తగిలింది?"

జారడ్ చెవి వెనక వేలు పెట్టి చూపించాడు. ఆమె చెయ్యి చాచింది. వాడు తల పక్కకి తీసుకున్నాడు.

ఆకాశంలోంచి దిగే బంతిని అందుకోవడానికి ఒకడి భుజాల మీదికి ఇంకొకడు ఎక్కే ఆట ఇది. ఆ మోకాళ్ళు ఎప్పుడూ చెవుల ఎత్తులోనే ఉంటాయి. పదకొండేళ్ళ ఆటనీ ఆమె వేళ్ళ సందుల్లోంచే చూసింది.

"క్లబ్బు డాక్ అక్కడికక్కడే పరీక్ష చేసింది. పాసయ్యాను. గురువారం రెండింటికి మళ్ళీ చేస్తానంది. అదీ పాసైతే శనివారం ఆడతాను. నూట యాభయ్యో మ్యాచ్."

"ఫెయిలైతే?"

జారడ్ టీ తాగాడు. ఆమెకి జవాబు తెలుసు. ఫెయిలైతే పన్నెండు రోజులు మైదానంలోకి దిగనివ్వరు. అది మామూలు వాళ్ళకి. పద్నాలుగు నెలల్లో జారడ్ తలకి ఇది మూడో దెబ్బ. మూడోదైతే సిటీలో మెదడు డాక్టర్ల బృందం ముందుకి పంపుతారు. వాడితో ఆడిన ఇద్దరు ఆ గదిలోకి వెళ్ళారు. ఇద్దరూ మళ్ళీ ఆ జెర్సీ తొడగలేదు.

"పాసయ్యానంటున్నావుగా. మరి ఇంకేం భయం?"

"జనవరి మార్కులు ఉండబట్టి పాసయ్యానమ్మా."

ఆ మార్కుల సంగతి నోలీన్‌కి తెలుసు.

ప్రతి జనవరిలో, ఆటలు మొదలుకాకముందు, క్లబ్బు డాక్టరు అందరికీ ఒక పరీక్ష పెడుతుంది. పది మాటలు చదువుతుంది, గుర్తుపెట్టుకుని చెప్పాలి. అంకెలు వెనక నుంచి చెప్పాలి. డిసెంబరు నుంచి జనవరి దాకా నెలలు తిరగేసి చెప్పాలి. ఒంటికాలి మీద నిలబడాలి. ఆ మార్కులు రాసి దాచిపెడుతుంది. సీజన్లో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే, అప్పటి మార్కుల్ని ఈ మార్కులతో పోల్చి చూస్తుంది. అందుకని, దెబ్బ తగిలాక మార్కులు తగ్గినట్టు కనబడకుండా, కుర్రాళ్ళందరూ జనవరిలో కావాలని తప్పులు చేస్తారు. రెండు మాటలు మింగేస్తారు. ఒంటికాలి మీద ఊగుతారు. "జనవరిలో మొద్దులం, జులైలో మేధావులం" అన్నాడు జారడ్, మొన్న వేసవిలో ఈ పెరట్లోనే సాసేజీలు కాలుస్తూ. అందరూ పడీ పడీ నవ్వారు. రొట్టెల పళ్ళెం పట్టుకుని నిలబడి అందరికంటే గట్టిగా నవ్వింది నోలీనే.

"ఈసారి ఆ మార్కులైనా వస్తాయో రావో తెలియడం లేదు," అన్నాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "డాక్ దగ్గర ఆరు జాబితాలే ఉన్నాయి. అవన్నీ మావాళ్ళు ఎప్పుడో రాసుకొచ్చేశారు. నువ్వు చదువు. నేను చెప్తాను."

పదిహేనో ఏట బడి మానేసి ఉన్ని మిల్లులో చేరిన మనిషి నోలీన్. పరీక్ష అన్న మాటకే ఆమె అరచేతులు చెమర్చేవి. ఇప్పుడు కొడుక్కి తానే పరీక్ష పెడుతోంది.

"గొడుగు. మేకు. వెన్న. పడవ. మోచెయ్యి. కంబళి. గంట. నిమ్మకాయ. నిచ్చెన. ఉప్పు."

జారడ్ కళ్ళు మూసుకున్నాడు. "గొడుగు. మేకు. వెన్న..." పెదవులు కదిలాయి. "ఉప్పు."

ఆగిపోయాడు.

"సరే, నెలలు చెప్పు."

"డిసెంబర్. నవంబర్. అక్టోబర్. సెప్టెంబర్." బల్ల అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. "సెప్టెంబర్... జూన్?"

"ఆగస్టు" అనబోయి ఆమె నాలుక కరుచుకుంది.

"మళ్ళీ చదువు," అన్నాడు. "ఎవరికీ చెప్పకు. టెస్‌కి అస్సలు చెప్పకు. మాటియ్యి."

టెస్ వాడి భార్య. ఐదో నెల కడుపుతో ఉంది. నోలీన్ మాటిచ్చింది.

*

మాటైతే ఇచ్చింది గానీ, నిలబెట్టుకోగలనన్న నమ్మకం ఆమెకే లేదు.

ఏదైనా లోపల దాచుకునే మనిషి కాదు నోలీన్. టెస్ తన కడుపు సంగతి నాలుగు నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. నోలీన్‌కి ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి చెప్పారు. పదింటికల్లా మాంసం కొట్టతనికి తెలిసింది, ఆ పక్కన చేపల వేపుడు దుకాణంలో తెలిసింది, పోస్టుమ్యాన్ గేటు దగ్గర ఆగి మరీ శుభాకాంక్షలు చెప్పాడు.

భయం కూడా అంతే. క్లబ్బుకి ఆమె చేసిన ఫోన్లకి లెక్కలేదు. జారడ్ కాలి బొటనవేలు నల్లబడిందని ఒకసారి. టీవీలో పాలిపోయినట్టు కనిపించాడని ఒకసారి. పెర్త్ వెళ్ళే విమానం దారిలో ఉరుములున్నాయట, బయల్దేరనివ్వకండని ఒకసారి. క్లబ్బులో ఆమెకి 'సైరన్' అని పేరు పెట్టారు. ఆమె గొంతు వినగానే ఫోనెత్తిన వాళ్ళు పక్కవాళ్ళకి సైగ చేసుకుంటారని కూడా ఆమెకి తెలుసు. తెలిసినా చేసేది. ఏమీ కాలేదని తేలాక సిగ్గుపడేది. ఆ సిగ్గే ఆమెకి హాయి.

బుధవారం పదింటికి జారడ్ మళ్ళీ వచ్చాడు. తెర ముందే దించి ఉంచింది. మూడో జాబితా చదివింది. పదికి పది చెప్పాడు. ఐదో జాబితా చదివింది, పదీ చెప్పాడు. నెలలు డిసెంబరు నుంచి జనవరి దాకా గడగడా తిరగేశాడు.

"చూశావా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నోలీన్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. అనవసరంగా హడలిపోయాననుకుంది. గుడ్లు వేయించి పెట్టింది. పళ్ళెం ఊడ్చేసినట్టు తిన్నాడు.

తిని లేచి, పెరటి తలుపు అద్దంలోంచి బయటికి చూశాడు. మెట్టు మీద రేకు గిన్నె, నిండా వాన నీళ్ళు.

"బాంజోకి తిండి పెట్టలేదామ్మా? గిన్నెలో ఏం లేదు."

నోలీన్ చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డ ఉంది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

బాంజో మార్చిలో చచ్చిపోయింది. పదమూడేళ్ళ కుక్క. జారడే నిమ్మచెట్టు కింద గొయ్యి తవ్వాడు. ఎవర్నీ పార పట్టుకోనివ్వలేదు. అరచేతులు బొబ్బలెక్కి ఆ శనివారం రెండు తేలిక బంతులు జారవిడిస్తే, టీవీలో వ్యాఖ్యాతలు ఇతనికేమైందని ముచ్చటించుకున్నారు.

"పెడతాలే," అంది. "తాళాలు ఇటివ్వు, నేను దింపుతాను."

"నేను నడుపుతాను."

"నాకు ఆ పక్కన పనుందిరా. కారు సాయంత్రం తెచ్చిస్తాను."

దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. శనివారం మ్యాచ్ బ్యానర్‌కి నీలం కాగితం సరిపోతుందో లేదో అంది. అభిమానుల దండులోని గ్లెనిస్ నడుం నొప్పి గురించి చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని ఊఁ కొట్టాడు. వాడిని దింపేసి, ఇంటి మూల మలుపు తిరిగాక కారు పక్కకి ఆపింది. ఫోన్ తీసి క్లబ్బు నంబరు నొక్కింది. అటు నుంచి "పెలికన్స్, గుడ్ మార్నింగ్" అనగానే పెట్టేసింది.

*

గురువారం పొద్దున తొమ్మిది నుంచి మైదానం పక్కన పాత హాల్లో బ్యానర్ పని. శనివారం జట్టు మైదానంలోకి చీల్చుకుంటూ దూసుకొచ్చే కాగితం గోడ అది. పన్నెండు మీటర్ల వెడల్పు, ఇంటి కప్పంత ఎత్తు. తెలుపు, నీలం క్రేప్ కాగితం పట్టీలు నేలంతా పరిచి, వెనక నుంచి టేపు అడ్డంగా నిలువుగా అంటిస్తారు. బూట్లతో తొక్కితే చిరుగుతుందని అందరూ మేజోళ్ళతోనే తిరుగుతారు. మధ్యలో మాత్రం టేపు పలచగా వెయ్యాలి. ఒక ఏడాది ఎవరో అక్కడ కూడా దట్టించేస్తే, కెప్టెన్ బ్యానర్‌ని గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు. వారం రోజులు టీవీలో అదే చూపించారు.

"ఆ అక్షరం వంకర పోయింది, నోలీన్," అంది గ్లెనిస్. అభిమానుల దండుకి ముప్ఫై ఏళ్ళుగా ఆమే పెద్ద. "కొడుకు పేరు కూడా సరిగ్గా అంటించలేవా? రాత్రి ఏం తాగావు?"

"టీ."

"నీకు టీ కూడా పడదన్నమాట."

నోలీన్ మోకాళ్ళ మీద కూర్చుని జారడ్ ఇంటిపేరు 'మల్కాహీ'కి జిగురు పూస్తోంది. దాని కింద ఒక్కొక్కటీ మనిషంత అంకెలు: ఒకటి, ఐదు, సున్నా.

గ్లెనిస్ మొగుడు కెవ్ టేపు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి అప్పగించిన పని అదే. ఎనభైల్లో ఇదే జట్టుకి ఆడాడు. ఆ భుజాలు ఇంకా తలుపంత ఉన్నాయి.

"ఈ వారం ఎవరితో మనకి?" అనడిగాడు.

"సిటీ వాళ్ళతో, కెవ్," అంది గ్లెనిస్.

"ఆహా. గట్టివాళ్ళే."

కొంచెం సేపు టేపు లాగిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఈ వారం ఎవరితో మనకి?"

"సిటీ వాళ్ళతో, కెవ్." అదే గొంతు, మొదటిసారి చెప్పినట్టే. పదకొండు గంటల లోపల ఆ ప్రశ్న నోలీన్ ఐదుసార్లు విన్నది. రోజూ వినేదే. ఇవాళ ప్రతిసారీ కుంచె ఆపి ఆయన వైపు చూసింది.

మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తిన్నాక కెవ్ అక్షరాల దగ్గరికొచ్చి వంగి చూశాడు. మొహం వెలిగింది.

"మల్కీ! గట్టి పిండం. ఎంత దెబ్బ తగిలినా దిగిపోడు. నాలాగే."

గ్లెనిస్ కత్తెర ఆగింది.

"నిజమే, దిగేవాడు కాదు," అంది, నోలీన్‌కి మాత్రమే వినబడేలా. "సెమీఫైనల్లో పడిపోయాడు. కొయ్యలా పడ్డాడు. ముక్కు దగ్గర ఘాటు మందు పెట్టారు. నేను గ్యాలరీలో లేచి నిలబడి అరిచాను. లెయ్యి కెవ్, లెయ్యి అని. గొంతు పోయేదాకా అరిచాను." కాగితం మీద లేని మడత చేత్తో సాపు చేసింది. "లేచాడు."

నోలీన్ గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై. జిగురు కుంచె డబ్బా మీద పెట్టింది. లేచి నిలబడింది.

"ఎక్కడికి? సున్నా ఇంకా అయిపోలేదు."

ఆమె వినిపించుకోలేదు. తలుపు తోసుకుని వానలోకి నడిచింది. కార్ల మధ్య నీళ్ళ గుంటల్లోంచి అడ్డంగా వెళ్ళింది. క్లబ్బు నడవాలోకి వచ్చాక, అక్కడి అమ్మాయి తన కాళ్ళ వంక చూస్తుంటే తెలిసింది, బూట్లు హాల్లోనే ఉండిపోయాయని. క్రేప్ కాగితం రంగు మేజోళ్ళకి అంటుకుని, తడిసి, నేలంతా నీలం అడుగులు పడ్డాయి.

క్లబ్బు డాక్టర్ వెయిర్ గది తలుపు తీసే ఉంది.

"రండి నోలీన్." ఆమె పెదవుల చివర చిన్న నవ్వు. "ముందే చెప్పేస్తాను. ఇప్పుడే పరీక్ష అయింది. జారడ్ చక్కగా పాసయ్యాడు. జనవరి కంటే రెండు మార్కులు ఎక్కువే. మీరు హాయిగా ఇంటికెళ్ళి టీ తాగండి."

"అందుకే వచ్చానండి."

"పోయినసారి బొటనవేలు గుర్తుందా? మీరు చెప్పారని ఎక్స్‌రే కూడా తీయించాను."

"గుర్తుందండి. నేను ఊరికే హడలిపోయే మనిషిని. ఆ సంగతి నాకు తెలుసు." రెండు చేతులూ జేబుల్లోకి తోసింది. "ఆ మాటలు వాడికి నేనే నేర్పానండి. మంగళవారం, బుధవారం, మా వంటింట్లో. జనవరిలో వాడు కావాలనే తప్పులు చెప్పాడు. అందరూ చెప్తారు. మా పెరట్లో చెప్పుకుని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను."

డాక్టరు నవ్వు పోయింది. కానీ మొహంలో ఇంకా ఏదో అనుమానం, మళ్ళీ బొటనవేలేమో అన్నట్టు.

"వాడిని మా కుక్క బాంజో ఎలా ఉందని అడగండి. అంతే. ఇంకేం అడగొద్దు."

డాక్టరు ఒక నిమిషం ఆమెని చూసింది. నేల మీది నీలం అడుగుల్ని చూసింది. లేచి వెళ్ళి పక్క గదిలో మడమకి పట్టీ వేయించుకుంటున్న జారడ్‌ని పిలిచింది. ఒక కాలికే పట్టీతో వచ్చాడు వాడు. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"జారడ్, అమ్మ దారినపోతూ వచ్చింది," అంది డాక్టరు, కాగితాలు సర్దుతూ. "మీ కుక్క ఎలా ఉంది? బాంజోనేగా దాని పేరు?"

"బాగానే ఉంది డాక్." అడిగినందుకు సంతోషం మొహంలో కనబడింది. "ముసలిదైపోయింది. నిన్న గిన్నెలో తిండి కూడా లేదు పాపం."

జారడ్ డాక్టర్ని చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. నోలీన్‌కి తల వంచుకోవాలనిపించింది, వంచుకోలేదు. వాడి మొహంలో ముందు చిరాకు వచ్చింది. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు కళ్ళు పక్కకి పోయాయి. అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఆ బొబ్బలు అక్కడే ఉన్నాయేమోనన్నట్టు.

"గొయ్యి నేనే తవ్వాను కదా," అన్నాడు మెల్లగా.

డాక్టరు కుర్చీ ముందుకి జరిపింది. "కూర్చో జారడ్."

*

శనివారం నోలీన్ మైదానానికి వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో సొంత మైదానం మ్యాచ్ మానడం అదే మొదలు. జారడ్‌ని ఆమె ఇంట్లోనే ఉంచారు. టెస్ ఆస్పత్రి డ్యూటీ అయ్యాక వస్తుంది. గురువారం నుంచి వాడు తల్లితో అవునూ కాదూ తప్ప మాట్లాడలేదు. చిన్నప్పటి గదిలో తలుపేసుకుని, చీకట్లో పడుకున్నాడు. ఆమె గంటకోసారి తలుపు దగ్గర నిలబడి ఊపిరి చప్పుడు విన్నది. వినబడకపోతే తలుపు తీసి చూసింది. బతికే ఉన్నాడని తేలాక కూడా నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది.

వచ్చే శుక్రవారం సిటీలో డాక్టర్ల బృందం. అక్కడ ఏమంటారో ఆమెకి తెలుసు. పదకొండేళ్ళ బతుకు తన రెండు మాటలతో పోయింది. వాడు తనని ఎప్పటికీ క్షమించడు. టెస్ బిడ్డని ఎత్తుకోనివ్వరు. ఒక్కొక్కటీ తలుచుకుంటూ పొయ్యి గట్టు తుడిచిందే తుడిచింది.

ఒంటిగంటకి గ్లెనిస్ ఫోన్ చేసింది.

"బ్యానర్ మీంచి పేరు పీకుదామని చూశాం. కాగితం చిరుగుతోంది. పైన ఇంకో ముక్క అంటిద్దామంటే కెవ్ ఒప్పుకోలేదు. మల్కీ పేరు మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. అలాగే ఎత్తేస్తున్నాం. నీ సున్నా నేనే పూర్తి చేశాను, వంకరగా." కొంచెం ఆగింది. "నోలీన్, నువ్వు చేసింది..."

"ఏమీ అనకు, గ్లెనిస్."

"అనను. బూట్లు హాల్లోనే ఉన్నాయి. ఎవడో దొంగిలిస్తే నాకు సంబంధం లేదు."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి జారడ్ వంటింటి గుమ్మంలో ఉన్నాడు. దుప్పటి కప్పుకుని, జుట్టు రేగి.

"టీ ఉందా?"

ఆమె గబగబా కెటిల్ పెట్టింది. కప్పు తీసింది. ఇంకో కప్పు తీసింది. వాడు కూర్చున్నాడు. పక్కింటి రేడియోలో జనం హోరు సన్నగా వినబడుతోంది. లేచి వెళ్ళి కిటికీ గట్టిగా మూసింది.

"నేను మాట తప్పాను," అంది, వాడి వైపు చూడకుండా. "ఎవరికీ చెప్పనని మాటిచ్చి తప్పాను. నీ ఆట నేనే తీసేశాను. ఏమన్నా అను, పడతాను. అనకుండా మాత్రం ఉండకు."

జారడ్ ఖాళీ కప్పుని తన ముందుకి లాక్కున్నాడు.

"టెస్ నాలుగు నెలలు దాచింది కడుపు సంగతి," అన్నాడు.

"అవును."

"నువ్వెంతసేపు దాచావు?"

"గంట," అంది నోలీన్. మొహం వేడెక్కింది. "గంట కూడా కాదేమో. మాంసం కొట్టు తియ్యగానే."

"మాటలు చదవడానికి టెస్ ఉంది. మా ఇంట్లోనే ఉంది. మాటిస్తే చచ్చినా తప్పదు." దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. "అక్కడి నుంచి ఇక్కడికి, ఆ ఎండలో, కళ్ళు చికిలించుకుని నడుపుకుంటూ వచ్చాను. ఎందుకనుకున్నావమ్మా?"

నోలీన్ వాడి వైపు తిరిగింది. కెటిల్ ఈల వేస్తూనే ఉంది.

"డాక్‌కి నోరు తెరిచి చెప్పడం నాకు చేతకాలేదు," అన్నాడు జారడ్.

కిటికీ మూసినా మైదానం నుంచి సైరన్ సన్నగా వినబడింది. ఆట మొదలైంది. తర్వాత ఆమె పొయ్యి ఆపి టీ పోసింది, చక్కెర డబ్బా వాడి ముందుకి జరిపింది.

ఒక చెంచా వేసుకుని కలిపాడు. మూత పెట్టాడు. చెయ్యి మళ్ళీ మూత మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు.

"వేశానా?"

"వేశావురా."

వాడు చెంచా పక్కన పెట్టాడు.